చెడ్డ నెల చూసుకొని విశాఖపట్నం పోయిన

విశాఖపట్నం ఎప్పుడు పోవాలె అని ఎవరినడిగినా ఒక్కటే మాట చెప్పిండ్రు. డిసెంబరు, లేకుంటె జనవరి. అప్పుడైతే చెమట పట్టదట, సముద్రం నీలంగ ఉంటదట, కొండల మీద పొద్దుగాల మంచు కనపడుతదట. మా హఫీజ్‌పేట గల్లీలో ఆకుకూరలమ్మే ఆమె నుంచి, మా అల్లుని కారులో రోజూ ఆఫీసుకు పోయే సార్ల దాక అందరిదీ అదే మాట. నేను మాత్రం దసరా అయినంక, దీపావళికి ముందు, టీవీలో అల్పపీడనం అని గంట గంటకు చెప్తున్నప్పుడు పోయిన. తెలువక పోలేదు. కావాలని పోయిన.

ఎందుకంటె నేను సముద్రం చూడబోలేదు. మా మనవరాలు శ్రావణికి ఆ ఊరి గాలి పడుతదా, పడదా చూడబోయిన.

శ్రావణి నా బిడ్డ రేణుక కూతురు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తది. మా ఇంట్లో ఆఫీసు లోపల కూసొని పనిచేసే మనిషి అదే మొదలు. వాళ్ల నాయిన అసొంటి ఆఫీసుల బయట కారు ఆపుకొని కూసునేటోడు. పిల్లకు చిన్నప్పటి నుంచి ఆయాసం. ఈ మధ్య ఎక్కువైంది. మా ఇంటికి మూడు దిక్కులా పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నయి. పొద్దున తుడిచిన గచ్చు మీద పగటికి వేలితోని పేరు రాయొచ్చు, అంత దుమ్ము. కిటికీలు మూసి, సందులకు టేపు అంటించి, తలుపు కింద తడి గోనెసంచి పెట్టుకొని బతుకుతున్నం.

గిట్లున్నప్పుడు ఆ కంపెనీ విశాఖలో కొత్త ఆఫీసు తెరిచింది. వస్తే పెద్ద పని ఇస్తం, జీతం పెంచుతం, సోమవారం లోపల అవునో కాదో చెప్పుమన్నరట. శ్రావణికి పోవాలని ఉన్నది. రేణుక వద్దన్నది. "సముద్రం పక్కన తేమ ఉంటదట. ఊపిరాడకపోతే అక్కడ ఎవరున్నరు దానికి?" అని ఏడుపు. అల్లుడు రెండు దినాలు ఇద్దరి మాట విన్నడు. మూడో దినం అన్నం తింటూ, "అత్తమ్మ పోయి చూసి రానీ. అత్తమ్మ ఏమంటే అదే చేద్దాం" అన్నడు.

నేను మూడో తరగతి కూడ పూర్తిగ చదవలేదు. అయినా మా ఇంట్లో బియ్యం కొన్నా, మంచం కొన్నా, కిరాయికి ఇల్లు తీసుకున్నా నేను చూసినంకనే. కిరాయి ఇల్లు చూడాలంటె నేను వాన పడ్డ దినమే పోత. ఎండలో అన్ని ఇండ్లు మంచిగనే కనపడుతయి. వానలో పోతేనే గోడ ఎక్కడ కారుతదో, వాకిట్ల నీళ్లు ఎక్కడ నిలుస్తయో తెలుస్తది. ఊరిని చూసేదానికి కూడ అదే పద్ధతి అనుకున్న. శ్రావణి డిసెంబర్ల పోయి డిసెంబర్ల వాపసొచ్చేది ఉన్నదా? పన్నెండు నెలలు ఉండాలె.

రైల్లో

నేను, శ్రావణి లింగంపల్లిలో పొద్దున ఎక్కినం. మా ఎదురుగ కూకట్‌పల్లి నుంచి వచ్చిన మొగుడు పెండ్లాం కూసున్నరు. సొంతూరు అనకాపల్లి అట. ఆమె నా కంటె చిన్నది, మాట మెత్తన. నేను ఎందుకు పోతున్ననో అడిగి, విని, చెంప మీద చెయ్యి పెట్టుకున్నది.

"అయ్యో, ఇప్పుడెందుకు బయల్దేరారండి? డిసెంబరులో వస్తే ఎంత బావుంటుందో. ఇప్పుడంతా ముసురే కదండి."

"ముసురు చూద్దామనే పోతున్నమమ్మా."

వాళ్లాయన పేపరు పక్కకు పెట్టి నవ్విండు. "అమ్మగారు ఊరు చూడ్డానికి కాదే, తనిఖీకి వెళ్తున్నారు."

"తనిఖీ అనుకోండి, ఏమన్న అనుకోండి" అన్న. శ్రావణి చెవులల్ల వైర్లు పెట్టుకొని కిటికీ దిక్కు తిరిగింది. అది నాతోని ఎక్కడికొచ్చినా అట్లనే తిరుగుతది.

ఆమె పులిహోర పెట్టింది. నేను ఇంట్ల చేసిన మురుకుల డబ్బా తీసిన. రైల్లో ఒక్క టీకి వాళ్లు తీసుకునే పైసలకు మా గల్లీలో ఇద్దరం తాగొచ్చు, అందుకే ఫ్లాస్కు కూడ ఇంటి నుంచే. డబ్బా మూత తీసి పెట్టి, మాటల్ల పడి మూయడం మరిచిన. సామర్లకోట దాటినంక ఇంకొకటి తీసి కొరికితే సప్పుడు లేదు. పొద్దున విరిస్తే పక్క పెట్టెకు వినపడేటంత సప్పుడు చేసిన మురుకు.

"ఇక్కణ్ణించి అన్నీ ఇంతేనండి" అన్నది ఆమె. "ఉప్పు కూడా గట్టిగా మూత పెట్టుకోవాలి. లేకపోతే నీరైపోతుంది."

నేను మురుకు చూసిన, శ్రావణిని చూసిన. పిండికే గిట్లయితే ఛాతికి ఎట్లుంటదో అనుకున్న. డబ్బా మూసిన గాని అప్పటికే లోపలికి గాలి పోయింది.

పెద వాల్తేరు

దిగేసరికి పొద్దు గూకింది. వాన లేదు, ఎండ లేదు, అయినా మెడ వెనుక చెమట. మా దిక్కు చెమట పడితే గాలికి ఆరుతది. ఇక్కడ గాలి మస్తుగ కొడుతున్నది గాని చెమట ఆరుతలేదు. చేతులు ఒకదానికొకటి రుద్దుకుంటే జిగట. నాలుక పెదాల మీద పెట్టుకుంటె ఉప్పగున్నది. సముద్రం ఇంకా కనపడనే లేదు, అప్పుడే మా నోట్లకు వచ్చింది.

శ్రావణి నెట్‌లో చూసి పెద వాల్తేరులో ఒక మేడ మీద గది మాట్లాడింది. ఇంటామె పేరు కనకమ్మ. నా ఈడుది. మొగుడు పోయినంక పైన గది సుట్టాలకు, వచ్చిపోయేటోళ్లకు ఇచ్చుకొని బతుకుతున్నది. గది చూపించి, నాలుగు కిటికీలు దడదడ తెరిచింది.

"డిసెంబరులో అయితే దీనికి రెండింతలు తీసుకుంటానమ్మా. ముసురు రోజులు కదా, ఎవులూ రారు. అందుకని సగానికే ఇస్తన్నాను."

"ఎవరూ రాని రోజులల్ల వచ్చినోళ్లకు ఇంకొంచెం తగ్గించాలె గదా" అన్న.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "గట్టి మనిషివేనమ్మా" అన్నది. తగ్గించింది. నాకు సంతోషమైంది. ఆమె కిందికి దిగంగనే నేను లేచి నాలుగు కిటికీలు మూసి గొళ్లాలు పెట్టిన. ఇంట్ల ఉన్న అలవాటు. పైగా మురుకు సంగతి మనసులో ఉన్నది. తేమ గాలి లోపలికి రానియ్యొద్దు అనుకున్న.

రుషికొండ బస్సు

తెల్లారి ముందుగాల చీర ఉతికిన. నేను రెండు చీరలే తెచ్చుకున్న, ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిల. హఫీజ్‌పేటలో పొద్దున దండెం మీద ఏస్తె వంట అయ్యేలోపల ఎండుతది. ఎన్ని దినాలకైనా రెండు చీరలు సాలు. వాన వస్తదేమోనని గదిలోనే తాడు కట్టి ఆరేసిన. పంకా పెట్టి వచ్చిన.

శ్రావణి కొత్త ఆఫీసు చూద్దామని రుషికొండ బస్సెక్కినం. కండక్టరమ్మ రాంగనే నేను ఆధార్ కార్డు తీసి చూపెట్టిన. మా దిక్కు ఆడోళ్లకు బస్సు ఫ్రీ. ఇక్కడ కూడ ఫ్రీ అని రైల్లో విన్న.

ఆమె కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఏ ఊరమ్మా మీది?"

"హఫీజ్‌పేట. హైటెక్ సిటీ పక్కనే."

"ఈ కార్డు మీ కాడ చెల్లుద్దమ్మా. ఇక్కడ మా ఆడోళ్లకే."

"నేను ఆడదాన్ని కాదా?"

బస్సంతా నవ్విండ్రు. కండక్టరమ్మ కూడ నవ్వింది గాని టికెట్ మిషిను పక్కకు పెట్టలేదు. "ఆడోళ్లేనమ్మా. పక్క రాష్ట్రం ఆడోళ్లు. టికెట్ తీసీండి, స్టేజీ వచ్చీస్తంది."

శ్రావణి సప్పుడు చేయకుంట ఫోన్ తోని పైసలు కట్టి, "అమ్మమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నది చెవిల. పైసలు పెట్టినం గదా అని నేను జరిగి కిటికీ పక్క సీటు తీసుకున్న. ఆ దారిల ఆ సీటు తీసుకోవాల్సిందే. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు సముద్రం, నడుమ బస్సు. ఆ దినం సముద్రం నీలంగ లేదు. గిన్నెలు కడిగిన నీళ్ల రంగు. దూరంగ చూస్తే మబ్బు ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలైనయో తెలుస్తలేదు.

ఆఫీసు గుట్ట మీద ఉన్నది. అద్దాల బిల్డింగే, మా దిక్కు ఉన్నట్టే. కాకపోతే మా హైటెక్ సిటీలో ఆఫీసు బయటికొస్తే టీ బండ్లు, క్యాబుల హారన్లు, రోడ్డు తవ్విన గుంతలు. ఇక్కడ బయటికొస్తే గడ్డి, గాలి. ఆ గాలికి నా గొడుగు ఉల్టా అయి ఊసలు మీదికి లేచినయి. గుట్ట దిగి ఒడ్డుకు పోతే ఇసుకల మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె చూసి, "గొడుగెందుకు తెచ్చావమ్మా, ఈ గాలికి నిలుస్తాదేటి? ఇక్కడ తడిస్తే తడవడమే" అన్నది.

"ముసురుల బేరం ఉంటదా నీకు?"

"ముసుర్లోనే ఉంటాది. ఎండలో వేడి కంకి ఎవుడు తింటాడు?"

ఒక్క కంకి కొని ఇద్దరం తిన్నం. మా దిక్కు కంటే ధర కొంచెం పిరమే గాని నిమ్మకాయ, కారం గట్టిగ రుద్దింది. ఒడ్డు మీద ఎర్ర జెండా పాతి ఉన్నది, నీళ్లల్లకు ఎవరినీ పోనిస్తలేరు. శ్రావణి నీళ్లకు దూరంగ నిలబడి ఊపిరి పీల్చుతున్నది. నేను పోయి పక్కన నిలబడ్డ.

"ఎట్లుంది?"

"మంచిగుంది."

"మంచిగుందంటె? ముక్కులనా, ఛాతిలనా?"

"అమ్మమ్మా, మంచిగుందంటె మంచిగుందే."

దాని మాట మీద నాకు నమ్మకం లేదు. పోవాలని మనసున్న పిల్ల మంచిగుందనే అంటది.

మూసిన కిటికీలు

పగటేళ గదికి వచ్చేసరికి వాన మొదలైంది. మా దిక్కు వాన గట్టిగ కొట్టి పోతది. ఇక్కడి వాన పోదు. సన్నగ, పక్క నుంచి, గాలితోని వస్తది. చీర పట్టి చూసిన. పొద్దున ఎట్లున్నదో అట్లనే ఉన్నది. బస్సు దిగి వచ్చేటప్పుడు ఒంటి మీద చీర తడిసె. అది కూడ పిండి, తాడు మీద ఏసి, శ్రావణి చున్నీ చుట్టుకొని కూసున్న. తువ్వాల, దాని చుడీదారు అన్నీ ఆ తాడు మీదనే. కిటికీలు మూసే ఉన్నయి. పంకా తిరుగుతున్నది. శ్రావణి లాప్‌టాప్ ముందేసుకొని మంచం మీద గోడకు ఒరిగి పని చేసుకుంటున్నది.

సందెకు దగ్గు మొదలైంది. ముందు చిన్న దగ్గు. నేను వేడినీళ్లు ఇచ్చిన. తర్వాత భుజాలు పైకి లేస్తున్నయి. "అమ్మమ్మా... మందు... బ్యాగుల..." అన్నది. మాట మాటకు నడుమ పిల్లి కూత లెక్క సప్పుడు. ఆ సప్పుడు నాకు దాని మూడో ఏట నుంచి తెలుసు. పీల్చే మందు తీసి చేతికిచ్చిన. పీల్చింది. తక్కువ కాలేదు. మళ్ల పీల్చింది. నేను మెట్ల కాడికి పోయి కనకమ్మను పిలిచిన.

కనకమ్మ పైకొచ్చి తలుపు కాడ నిలబడ్డది. "ఇదేటిది? కిటికీలన్నీ మూసీసారేటి? గదా ఇది, ఇడ్లీ గిన్నా?" అని, వచ్చినామె వచ్చినట్టే నాలుగు కిటికీలు తెరిచి, తాడు మీది నా చీరలు గుంజి వరండాల పడేసింది. నన్నొక్క మాట అడగలేదు. ఇద్దరం శ్రావణిని పట్టుకొని కింద వరండాలకు తెచ్చి కుర్చీల కూసోబెట్టినం. కనకమ్మ కట్టుకొమ్మని తన చీర ఒకటి నా మీద పడేసి, ఆటో పిలిచింది. సందు చివరనే ఒక డాక్టరు ఉన్నడు. ముక్కుకు గొట్టం పెట్టి మందు పొగ పట్టిండ్రు. కొంతసేపటికి దాని భుజాలు దిగినయి.

నేను డాక్టరును అడిగిన. "ఈ పిల్లకు ఈ ఊరు పడుతదా, చెప్పండి సారూ."

"కొందరికి పడుతుందమ్మా, కొందరికి పడదు. తేమ కావచ్చు, బూజు కావచ్చు, మూసిన గది కావచ్చు. ఒక్కరోజు చూసి నేను చెప్పలేను" అన్నడు. మందులు మార్చకుంట, ఉన్నవి సరిగ వాడుమన్నడు.

వాపసొచ్చి చూస్తే మంచం వెనుక గోడకు నల్లగ బూజు. పొద్దున ఉన్నదో లేదో నేను చూడలేదు. శ్రావణి ఒరిగి కూసున్నది ఆ గోడకే. పడుకున్నంక దాని ఊపిరి వింటూ నేను లోపల తేల్చుకున్న. ఈ ఊరు వద్దు. ఎందుకొచ్చిననో ఆ పని అయింది.

కనకమ్మ వాకిట్లో

పొద్దున వాన సన్నగైంది. కనకమ్మ కిందికి పిలిచి అన్నం పెట్టింది. కంద, బచ్చలి కలిపి ఆవపిండి పెట్టిన కూర. ఆవ ఘాటు ముక్కులకు ఎక్కింది. మా ఇంట్ల ఆవాలు పోపుల తప్ప ఎరుగం. తిన్న కొద్ది బాగనిపించింది, అయినా బాగుందని చెప్పే మనసు లేదు. తడి చీరలు ఇంకా ఆరలేదు. కనకమ్మ ఇచ్చిన జరీ చీర కట్టుకొని కూసున్న, పెండ్లికొచ్చిన దానిలెక్క.

"ఇంటికి పోతున్నం. పిల్లకు ఈ సముద్రం పడదు" అన్న.

కనకమ్మ గరిటె పట్టుకొని నిలబడ్డది. "సముద్రం ఏటి చేసింది వదినా? పిల్లగుంటని పట్టుకున్నది సముద్రం కాదు, నీ చీర."

"మీ గోడకు బూజు లేకుంటె నా చీర ఏం చేస్తది?"

"బూజు మాకెప్పుడూ ఉంటాది. నేను పుట్టక ముందు నుంచీ ఉన్నాది. అందుకనే కిటికీలు తెరుస్తాం. గాలి ఇలగొచ్చి అలగ పోవాల. నువ్వు గొళ్లెం పెట్టి కూకుంటే అదెక్కడికి పోతాది?"

"మా దిక్కు తెరిస్తే దుమ్మొస్తది."

"అది మీ దిక్కు."

నాకు కోపమొచ్చింది. సగం నా తప్పున్నదని తెలిసి వచ్చే కోపం ఇంకా ఎక్కువ ఉంటది. తర్వాత నేనే అడిగిన. "ఇంక ఏ నెలల ఎట్లుంటది, కరెక్టుగ చెప్పు. డిసెంబరు సంగతి చెప్పకు, అది అందరూ చెప్పిండ్రు."

ఆమె కూసొని చెప్పింది. మార్చి నుంచి చెమట మొదలు. మే నెలల ఎండ మా హైదరాబాదు కంటే తక్కువే గాని ఒంటి మీద రవిక ఆరదు. సందెకు సముద్రం గాలి వచ్చేదాక మనిషికి మనిషి పడదు, ఊకె కొట్లాటలు. జూన్ నుంచి వానలు. ఇప్పుడీ ముసురు, తుపాను వస్తే కరెంటు పోయి రోజుల తరబడి కొవ్వొత్తులు. "ఇదే గడ్డు నెల వదినా. నువ్వు కావాలనే వచ్చావు. ఎవులైనా అలగొస్తారేటి?" అని నవ్వింది. పుట్టిన ఊరు గురించి ఆమె ఏమీ దాచలేదు. ఆమె దాచి ఉంటే నాకు పని సులువయ్యేది.

మెట్లు

మా రైలు ఆదివారం. శనివారం పొద్దున వాన ఆగింది గాని మబ్బు దిగి కొండ నెత్తి కనపడుతలేదు. శ్రావణి లేచి, "ఎట్లా పోతున్నం గదా, కైలాసగిరి అన్న చూసి పోదాం" అన్నది. నేను ఇంకా దానికి నా మాట చెప్పలేదు. చెప్పకున్నా దానికి తెలుసు.

పైకి పోయేదానికి తీగ మీద నడిచే డబ్బాలున్నయి. టికెట్ ధర విని నేను మెట్ల దారి అడిగిన. "నువ్వు ఎక్కుతవా అమ్మమ్మా?" అన్నది శ్రావణి. "మెల్లగ పోదాం" అన్న. దాని కోసమే మెల్లగ అన్న. మెట్లు తడిసి ఉన్నయి, ఎర్రమట్టి నీళ్లు పక్క నుంచి కారుతున్నయి, చెట్ల ఆకుల నుంచి మెడ మీద సుక్కలు పడుతున్నయి. కొంత దూరం ఎక్కినంక చెప్పిన.

"సోమవారం వాళ్లకు కాదని చెప్పు."

అది ఆగలేదు. ముందు నడుస్తనే అన్నది, "ఎందుకు?"

"మొన్న చూసినం గదా ఎందుకో."

"మొన్న నువ్వు నాలుగు కిటికీలు మూసి, గదినిండ తడిబట్టలు ఏసినవ్. అది ఊరు చేసిందా?"

"అక్కడ బట్టలు ఎక్కడ ఆరేసుకుంటవ్ మరి? ముసురుల బయట ఆరేస్తవా?"

"మిషిను కొనుక్కుంట. కొత్త జీతంతోని కొనుక్కుంట. మన ఇంట్ల పోయిన నెలల దవాఖానకు ఎన్నిసార్లు పోయిన, అది చెప్పు. అప్పుడెవరు బట్టలేసిండ్రు? ఆ దుమ్ముల ఉంటె ఏం కాదు, ఇక్కడికొస్తే సస్తనా? మీకు నా ఊపిరి ఫికర్ కాదు అమ్మమ్మా, నేను కండ్ల ముందు ఉండాలె, అంతే. అమ్మ ఏడుస్తది, నాయిన నీ దిక్కు చూస్తడు, నువ్వు వద్దంటవు, నేను ఊ అనాలె. చిన్నప్పటి నుంచి గదే. ఆటలకు వద్దు, ట్రిప్పుకు వద్దు, బావి కాడికి వద్దు, ఊపిరాడదు, ఊపిరాడదు..."

"నోరు మంచిగ లేస్తున్నదే నీకు" అని ఇంకేదో అనబోయిన. మాట రాలేదు. మెట్లెక్కి నాకే ఊపిరి అందుతలేదు. పక్క కమ్మీ పట్టుకొని నిలబడ్డ. ఒక ముసలాయన కిందికి దిగుతున్నడు, నన్ను చూసి ఆగిండు.

"ముందు ఊపిరి తీసుకో తల్లీ. తర్వాత తిడుదువుగాని" అని చెప్పి దిగిపోయిండు. నేను మెట్టు మీదనే కూసున్న.

శ్రావణి నాకంటే చాలా పైన ఉన్నది. మాట్లాడుకుంట ఎక్కి, నాకు వినపడదని మళ్ల రెండు మెట్లు దిగి మాట్లాడి, మళ్ల ఎక్కి, అట్ల పోయింది. అప్పుడు తెలిసింది నాకు. మా ఇంటి రెండో అంతస్తు ఎక్కితే తలుపు కాడ నిలబడి, చెప్పులు కూడ విడువకుంట, నీళ్లు అని సైగ చేసే పిల్ల. దమ్ము తీసుకున్నంకనే మాట. ఈ ముసురు నెలల, ఈ తడిగాలిల, మొన్న అంత అయినంక, ఆ కొండ మీదికి నన్ను తిట్టుకుంట ఎక్కింది. నడుమల ఒక్కసారి ఆగలేదు.

నేను కూసున్నది చూసి ఉరికొచ్చింది. "ఏమైందే అమ్మమ్మా? ఛాతిల నొప్పా?"

"నొప్పి లేదు, ఏం లేదు. నువ్వు మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఇప్పటిదాక మాట్లాడినవ్ గదా. అదే. మాట్లాడుకుంట పై దాక పో. నాకు వినపడాలె."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పోతవా, లేదా?"

గొణుక్కుంట పోయింది. కోపంల ఉన్న పిల్లకు మాటలు తక్కువ కావు. నన్ను, వాళ్లమ్మను, హఫీజ్‌పేటను, కండక్టరమ్మకు చూపెట్టిన ఆధార్ కార్డును, అన్నిటిని వరసగ అనుకుంట పోయింది. నేను తడి మెట్టు మీద కనకమ్మ జరీ చీరతోని కూసొని, చెవి పెట్టి విన్న. పిల్లి కూత ఎక్కడన్న వినపడుతదేమోనని విన్న. గాలి సప్పుడు, దాని మాట సప్పుడు తప్ప ఇంకేం లేదు. మెట్ల మలుపు తిరిగినంక మనిషి కనపడలేదు గాని మాట వస్తనే ఉన్నది.

నేను పైకి చేరేసరికి చాలా సేపైంది. పైన మబ్బు పలుచనై, కింద సముద్రం, ఊరు, రెండూ ఒక్కసారి కనపడ్డయి. ఒడ్డు కొడవలి లెక్క వంగి పోయింది. టీ అమ్మేటాయన కాడ రెండు టీలు తీసుకున్న. అల్లం ఎక్కువ, చక్కెర ఎక్కువ, మా ఇరానీ చాయ్ చిక్కదనం లేదు. ఆ చలిగాలికి బాగనే ఉన్నది. ధర అడగకుంట తాగిన.

మీలో ఎవరన్న నన్నడగొచ్చు, ఒక్కసారి కొండ ఎక్కితే సరిపోతదా అని. సరిపోదు. డాక్టరు చెప్పలేనన్నడు, నేను డాక్టరు కంటే ఎక్కువ కాదు. మే నెల నేను చూడలేదు, తుపాను చూడలేదు. గది చూసుకునేటప్పుడు పాత గోడలు వద్దని, గాలి రెండు దిక్కులా ఆడాలని చెప్త. పీల్చే మందు ఒకటి ఆఫీసుల, ఒకటి ఇంట్ల ఉండాలె. గడ్డు నెల అని ఊరామెనే చెప్పిన నెలల నేను చూసిన. ఇంతకంటె ఎట్ల చూస్తరో నాకు తెలువదు.

ఫోన్ తీసి అల్లునికి చేసిన.

"ఎట్లుందత్తమ్మా ఊరు?" అన్నడు. వెనుక హారన్లు. కారుల ఉన్నట్టున్నడు.

"చెమట, తడి, బూజు. బట్టలు ఆరవు. మొన్న పిల్లకు ఆయాసమొచ్చింది, డాక్టరు కాడికి పోయినం."

అటు దిక్కు కారు పక్కకు ఆపిన సప్పుడైంది. తర్వాత మెల్లగ, "ఇగ సరే తీయిండ్రి. వద్దని చెప్తమైతే" అన్నడు.

"నేను వద్దన్ననా? పోనియ్యి."

"ఏందీ?"

"పోనియ్యుమంటున్న. ఆయాసం నేను కిటికీలు మూసుట్ల వచ్చింది. ఇయ్యాల నన్ను తిట్టుకుంట కొండెక్కింది. నేనే నడుమ కూసున్న."

"మీరు వద్దంటరనే అనుకున్న అత్తమ్మా" అన్నడు.

"నేనూ గట్లనే అనుకున్న."

ఆయన రేణుకకు లైను కలిపిండు. అది ఆయాసం మాట ఒక్కటే విన్నది, ఏడుపందుకున్నది. "అమ్మా, నిన్ను నమ్మి పంపితే గిదా నువ్వు చెప్పేది" అన్నది. దానికి జవాబు చెప్పాలని నోటిదాక వచ్చింది. ఆగిన. ఈ ఊరిల పొద్దున లేచి ఊపిరి పీల్చేది నేను కాదు.

శ్రావణి టీ గ్లాసు పట్టుకొని నా మొఖమే చూస్తున్నది. గ్లాసు తీసుకొని, ఫోన్ దాని చేతిల పెట్టిన.

"అమ్మా, ముందు నేను చెప్పేది మొత్తం విను" అన్నది. గాలికి ఎదురుగ నిలబడి చెప్పుకుంట పోయింది. ఆఫీసు, పని, గది, మందులు, మొన్నటి సంగతి, ఏదీ దాచకుంట. నేను దాని టీ కూడ తాగుకుంట విన్న. అది ఎక్కడా ఊపిరికి ఆగలేదు.